నానిన చక్రం

కాలవలు కట్టేసేలోపు చక్రాలన్నీ నీళ్ళలో పడాలని మా మావయ్య పట్టుబట్టారు. ఏప్రిల్ ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. కంకిపాడు దాటాక కాలవగట్టు మీద మినీలారీ ఆపి, ఎడ్లబండి చక్రాలు ఒక్కొక్కటే దొర్లించుకుంటూ నీళ్ళలోకి దించుతుంటే రోడ్డున పోయేవాళ్ళు బైకులు ఆపి మరీ చూశారు. ఈ రోజుల్లో ఎడ్లబండే కనపడదు, దాని చక్రాలకి స్నానాలేమిటని వాళ్ళ అనుమానం.

"తాళ్ళు గట్టిగా కట్టండ్రా. వదిలేశారంటే బందరులో తేల్తాయి," అని మావయ్య గట్టు మీంచి కేకలేస్తున్నారు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టారు. డెబ్బై దాటిన మనిషి, ఆ పూట మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గట్టు దిగి ఎక్కారు.

మాది గుణదలలో ఫర్నిచర్ షాపు. కింద షాపు, వెనక షెడ్డు, పైన ఇల్లు. మొదట్లో మంచాలు, బీరువాలు, సోఫాలు చేసేవాళ్ళం. ఆ మధ్య ఒకాయన వచ్చి ఫోన్లో ఫొటోలు చూపించి ఇలాంటివి కావాలన్నాడు. అమెరికాలో పశువుల మందలు మేపుకునేవాళ్ళ ఇళ్ళట. దుంగల్లాంటి బల్లలు, గుర్రపు జీను వేసిన స్టూళ్ళు, తాడు చుట్టిన అద్దాలు, గోడకి కొమ్ముల పుర్రె, నడుం ఎత్తున ఊగే తలుపులు. రాంచ్ స్టైల్ అంటారు. ఒకరికి చేశాం, చూసి ఇంకొకరొచ్చారు. చివరికి పొలం మధ్య ఫామ్‌హౌస్ కట్టుకున్న ప్రతివాళ్ళూ మా షాపు మెట్లెక్కడం మొదలుపెట్టారు. అంతకుముందు పాతవాటికి పాలిష్ పెట్టి కొత్తగా చేసేవాళ్ళం, ఇప్పుడు కొత్త చెక్కని మంటతో కాల్చి, ఇనప బ్రష్షుతో గీకి పాతగా చేస్తున్నాం. ఆ కాల్చే పని నాది. పెళ్ళయిన కొత్తలో కూరలన్నీ మాడ్చేదాన్ని, ఆ విద్య ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

ఆయన పేరు పూర్ణచంద్రరావు. ఊరంతా పూర్ణ అంటారు. వెనకాల నేనూ పూర్ణ అనే అంటాను, ఎదురుగా మాత్రం 'ఏవండీ'.

"పట్టాకి నాలుగు బోల్టులు వేయిస్తే పోయేదానికి ఈ మోతలన్నీ ఎందుకు నాన్నా?" అన్నాడు పూర్ణ, తడిసిన ప్యాంటు పిండుకుంటూ.

మావయ్య అతన్ని ఎగాదిగా చూశారు. "బండి చక్రానికి బోల్టులా? నలుగురూ నవ్విపోతారు. బిగువు చచ్చిన చక్రానికిరా మేకులు కొట్టేది. నాలుగు రోజులు నీళ్ళు తాగనీ, నీ తరం కాదు ఆ పట్టా ఊడదియ్యడం."

నేను మైలవరం పిల్లని. మా నాన్న బస్సు కండక్టరు, నాకు బళ్ళ సంగతులు తెలియవు. మావయ్య చెబితే తెలిసింది. చక్రమంతా నల్లతుమ్మ. నడుమ కుండ, కుండలోంచి ఆకులనే కర్రలు, వాటి చుట్టూ వంపు తిరిగిన చెక్కలు. అన్నిటినీ కలిపి పట్టి ఉంచేది పైనున్న ఇనప పట్టా. దాన్ని ఎర్రగా కాల్చి తొడిగితే చల్లారాక బిగుసుకుంటుంది. ఎండాకాలం చెక్క ఎండి చిక్కిపోతే పట్టా వదులవుతుంది. అప్పుడు రైతులు చక్రాలని తీసుకెళ్ళి కాలవలో పడేసేవాళ్ళట. చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే పట్టా మళ్ళీ బిగుసుకునేది. డెల్టాలో బండి ఉన్న ప్రతి ఇంటికీ ఇది మామూలే.

ఆ వేసవిలో మా మావయ్యని చూస్తే నాకు ముచ్చటేసేది. ట్రాక్టర్లు వచ్చి బండి మూలపడింది, పొలం కౌలుకిచ్చేశారు, అత్తయ్య పోయింది. గుణదల వచ్చాక పొద్దుటి నుంచి షాపు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేవారు. కొందరు కస్టమర్లు వాచ్‌మన్ అనుకుని కారు చూస్తుండమని చెప్పి లోపలికొచ్చేవాళ్ళు. అలాంటి మనిషి ఈ చక్రాల కోసం ఊరూరా తిరిగారు. కాలి కింద పెట్టనివ్వను, పొయ్యిలో పెట్టనివ్వను అని మాటిచ్చి పాత స్నేహితుల పశువుల పాకల్లోంచి తీయించి తెచ్చారు. అన్నిట్లోకీ పెద్దది ఆయన సొంత బండి చక్రం. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి గొలుసులతో వేలాడదీసి, చుట్టూ లైట్లు పెట్టి, హాలు నడిమధ్య కట్టాలన్నది ప్లాను. మిగతావన్నీ గోడలకి ఆనించేవే.

హాలు గంగారత్నంగారిది. కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది. కంకిపాడు అవతల పొలం కొని ఫామ్‌హౌస్ కట్టింది. జూన్‌లో మనవరాలు హేమకి ఓణీల ఫంక్షన్ అందులోనే. అది బాగా కుదిరితే ఆవిడ కట్టబోయే రిసార్టు పనంతా మాకే ఇస్తానంది. పూర్ణ ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఎండాకాలమంతా తిండీ నిద్రా మానేశాడు.

* * *

చక్రాలు నీళ్ళలో ఉండగానే గంగారత్నంగారు షాపుకొచ్చింది. మెళ్ళో లావుపాటి గొలుసు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. నేను ఫొటోలు తిప్పుతుంటే ఒకచోట చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఇదేంటమ్మాయ్, నేల మీద?"

"ఆవు తోలండీ. వాళ్ళు కార్పెట్‌లా పరుస్తారు."

"ఆవు తోలు పరిచి తొక్కుతారా? నా కొంపలో కుదరదమ్మా. మా అత్త బతికుంటే నన్ను చెరువులోకి తోసేది."

"మనం తోలు వాడమండీ. గుడ్డ మీద అలాంటి మచ్చలు ప్రింటు వేయిస్తాం."

"మచ్చలెందుకు, మొత్తం నల్లగా వేయించు. మన వైపు గేదెలేగా," అని తనే పకపకా నవ్వింది. కొమ్ముల పుర్రె ప్లాస్టిక్ లాంటిదని తెలిశాక దాన్ని ఒప్పుకుంది. "ఫంక్షన్ నాడు దానికో బంతిపూల దండ వేసెయ్. పిల్లకి దిష్టి తగలకుండా ఉంటది."

పెద్ద చక్రం సంగతి వచ్చేసరికి పూర్ణ ముందుకొచ్చాడు. "జనం తిరిగే చోటు కదండీ. పట్టాకి బోల్టులు వేయిద్దామనుకుంటున్నా. పైకి కొంచెం కనపడతాయి అంతే."

ఆవిడ మావయ్య వైపు తిరిగింది. "ఏమంటారు సుబ్బారావుగారూ?"

"అక్కర్లేదమ్మా. అది నా బండి. ధాన్యం బస్తాలు నింపుకుని బురదలో తిరిగిన చక్రం, దీపాలు మోయలేదా?"

"అదీ మాట. మా పడవ మేస్త్రీ ఏ చెక్క వెయ్యమంటే మేం ఆ చెక్కే వేసేవాళ్ళం. పెద్దాయన అక్కర్లేదంటుంటే నీ గోలేంటి అబ్బాయ్?"

పూర్ణ వెనక్కి జరిగాడు. మావయ్య మొహంలో ఆ క్షణాన వెలుగు చూశాను. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని అలా అడిగింది లేదు. నాకు సంతోషం వేసిన మాట నిజం, ఎందుకో భయం వేసిన మాట కూడా నిజం. ఆ రాత్రి అన్నం దగ్గర పూర్ణతో అన్నాను, పైన కనపడకుండా లోపలి నుంచైనా నాలుగు స్క్రూలు బిగించమని. నాన్నకి తెలిస్తే మాట పడాలని అతను తల అడ్డంగా ఊపాడు.

* * *

మే నెల మొదట్లో చక్రాన్ని పైకెక్కించారు. మా ఫిట్టర్ యేసుకుమార్ గొలుసులు నాలుగూ చెక్కకే బిగించాడు, పట్టా వైపు పోలేదు, దానికి బిగువొక్కటే ఆధారం. కిందినుంచి చూస్తే నిజంగానే బాగుంది. నల్లటి చెక్క, చుట్టూ నున్నగా తోమిన ఇనుము, పైన పసుప్పచ్చటి బల్బులు. మావయ్య ఒక పొడుగాటి కర్ర తెప్పించి, చివరితో పట్టాని తట్టారు. గుడిగంటలా ఖంగుమంది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ రోజునుంచే హాల్లో ఏసీలు పెట్టారు. గోడల చెక్కలకి వేసిన పాలిష్ త్వరగా ఆరాలని పగలూ రాత్రీ తిప్పారు. ఎత్తైన హాలు, చుట్టూ అద్దాల తలుపులు, ఒక్కటీ తెరవరు. బయట నిప్పులు చెరుగుతుంటే లోపల పెదాలు పగిలేంత పొడి గాలి.

రోహిణి కార్తె వచ్చింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. జీను స్టూళ్ళకి కుట్లు ఊడితే సరిచేయడానికి నేను వెళ్ళాను, తోడుగా మావయ్య వచ్చారు. నేను బల్ల దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే బల్ల మీద సన్నటి గోధుమరంగు పొడి కనపడింది. తుడిచాను. కుట్టు సగంలో ఉండగా మళ్ళీ చూస్తే అక్కడే మళ్ళీ కొంచెం ఉంది. తలెత్తాను. పైన చక్రం తప్ప ఇంకేం లేదు.

"మావయ్యా, ఇదేంటో చూడండి."

ఆయన వేలితో అద్ది చూసి, వెళ్ళి ఆ కర్ర తెచ్చారు. పట్టాని తట్టారు. ఈసారి గంటలా మోగలేదు. పగిలిన కుండని తట్టినట్టు డబ్‌మంది. ఇంకోచోట తట్టారు. అక్కడా అంతే. ఆయన కర్ర కిందికి దించి చాలాసేపు పైకే చూస్తూ నిలబడ్డారు.

"ఏమైంది మావయ్యా?"

"ఏం లేదమ్మా. కొత్త చోటు కదా, సర్దుకుంటోంది."

"పొడి రాలుతోందిగా?"

"తుమ్మ చెక్కమ్మా, పాతది. రాలుద్ది," అన్నారు. తర్వాత వాచ్‌మన్‌ని పిలిచి తలుపులు తెరిచిపెట్టమన్నారు. దుమ్మొస్తే అమ్మగారు తిడతారని వాడు ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రమే పూర్ణకి చెప్పాను. నా ముందే వెళ్ళి తండ్రిని అడిగాడు. "నాన్నా, చక్రం గట్టిగానే ఉందా? నిజం చెప్పు. అనుమానం ఉంటే రేపే దించేసి బోల్టులు వేయిస్తాను."

మావయ్య పేపర్ లోంచి తల ఎత్తలేదు. "నా మాట మీద నమ్మకం లేకపోతే నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో."

కొడుకుల నోళ్ళు మూయించడానికి తండ్రుల దగ్గర ఇంతకంటే మంచి మాట లేదు. పూర్ణ వెనక్కొచ్చేశాడు. పైగా నన్నే కసిరాడు. "ఆయన పుట్టిందే బండి మీద. ఆయన కంటే నీకు ఎక్కువ తెలుసా?" నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, మీ చక్రం, మీ చావు అని నోటిదాకా వచ్చింది. ఆ మాట బయటికి అనకపోవడమే ఇప్పటికీ నాకు ఊరట.

ఆ తర్వాత మావయ్య ఏదో ఒక వంక పెట్టుకుని ఫామ్‌హౌస్‌కి వెళ్తూనే ఉన్నారు. ఒకరోజు యేసుకుమార్ షెడ్డులో నాతో అన్నాడు. "అక్కా, పెద్దాయన చక్రం మీద నీళ్ళు చల్లమంటున్నారు. పైన వైర్లు, బల్బులూ ఉన్నాయి. తడిపితే మొత్తం కాలిపోద్ది. నా వల్ల కాదని చెప్పా."

"ఎందుకు చల్లమన్నారు?"

"చెక్క దాహంగా ఉందన్నారక్కా."

చేతిలోని బ్రష్షు పక్కన పడేశాను. మళ్ళీ పూర్ణ దగ్గరికి వెళ్ళాను. ఫంక్షన్ దగ్గర పడింది, ఇప్పుడు దించితే గంగారత్నంగారికి ఏం చెప్పాలి, నాన్నే బాగుందంటున్నాక మనం బాగాలేదంటే షాపు పరువేం కావాలి అన్నాడు. అతని మాటల్లోనూ భయం ఉంది. ఆ భయాన్ని తండ్రి మీద నమ్మకం అనే దుప్పటి కప్పి దాచుకుంటున్నాడు.

* * *

మృగశిర ప్రవేశించిన రోజే గుణదలలో వాన పడింది. గంగారత్నంగారు ఆనవాయితీగా కొరమీను పంపింది. నేను పులుసు పెడుతుంటే వెనక షెడ్డు ముందు ఎవరో తడుస్తున్నట్టనిపించి కిటికీలోంచి చూశాను. మావయ్య. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, మొహం పైకెత్తి నిలబడ్డారు. జ్వరం వస్తుంది, లోపలికి రండి అని అరిచాను.

"గాలి చెమ్మగిల్లిందమ్మా," అన్నారు నవ్వుతూ. చాలారోజుల తర్వాత నవ్వారు. ఆ పూట పులుసు మళ్ళీ వేయించుకుని తిన్నారు. ఇకమీదట ఏం భయం లేదు అని ఎవరితోనో అన్నట్టు అన్నారు. నాకు అర్థం కాలేదు. అర్థమై ఉంటే చెప్పేదాన్ని, వాన బయట పడింది మావయ్యా, చక్రం లోపల ఉంది అని.

ఫంక్షన్ నాటికి రోజూ ఏదో ఒక వేళ జల్లు పడుతూనే ఉంది. కాలవలకి నీళ్ళొచ్చాయి, నారుమళ్ళు దున్నుతున్నారు. మేం వెళ్ళేసరికి హాలంతా జనం. కైకలూరు వాళ్ళు, కంకిపాడు రైతులు, విజయవాడ బిల్డర్లు. కొమ్ముల పుర్రెకి నిజంగానే బంతిపూల దండ వేశారు. ఏసీలు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. అద్దాల బయట వాన ధారలు కడుతోంది, లోపల ఒక్క చుక్క తేమ లేదు.

మావయ్య గుమ్మంలో ఆగి ఏసీల వైపు చూశారు. తర్వాత చక్రం వైపు.

ఫొటోగ్రాఫర్ హేమ కుర్చీని సరిగ్గా చక్రం కింద వేయించాడు. లైట్లు బాగా పడతాయట. పట్టు ఓణీలో ఆ పిల్ల మెట్లు దిగి వస్తుంటే మావయ్య అడ్డం వెళ్ళారు.

"కుర్చీ అక్కడ కాదు. దక్షిణ ముఖం అవుతోంది. శుభకార్యానికి పనికిరాదు. ఆ మూలకి మార్చండి," అన్నారు.

జాతకాలూ దిక్కులూ అంటే ఆమడ దూరాన ఉండే మనిషి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఫొటోగ్రాఫర్ గొణిగాడు గానీ గంగారత్నంగారు దిక్కుల మాట విని వెంటనే కుర్చీ మార్పించింది. మావయ్య ఖాళీ అయిన చోటికి ఒక జీను స్టూలు లాక్కుని తనే కూర్చున్నారు. ఎవరు అటువైపు వచ్చినా, ఇక్కడ చోటు లేదు బాబూ, అటు వెళ్ళండి అంటున్నారు. పిల్లలు దగ్గరికొస్తే పట్టాని తట్టిన ఆ పొడుగాటి కర్రతో అదిలిస్తున్నారు. అప్పుడు నాకు అంతా అర్థమైంది. దగ్గరికెళ్ళి వంగి, "మావయ్యా, లేవండి. ఆయనకి చెబుదాం," అన్నాను.

"జనం భోజనాలు చేసి వెళ్ళిపోనీ అమ్మా. అందాకా నేనుంటాను. రేపు దించేద్దాం," అన్నారు.

నేను పూర్ణ కోసం భోజనాల షామియానా వైపు పరిగెత్తాను. అతను బిల్డర్ల మధ్య నిలబడి రిసార్టు గురించి మాట్లాడుతున్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మేం హాల్లోకి వచ్చేసరికి మైకులో గంగారత్నంగారి గొంతు వినపడుతోంది.

"ఈ ఇంటికి ఇంత కళ తెచ్చిన పెద్దాయన్ని సన్మానించుకోవాలి. సుబ్బారావుగారూ, స్టేజీ మీదికి రండి."

మావయ్య కదల్లేదు. చేతులు జోడించి వద్దని తల ఊపారు. మొహమాటం అనుకుని అందరూ నవ్వారు. ఆవిడ శాలువా తీసుకుని తనే స్టేజీ దిగింది. రెండో చేత్తో హేమని పట్టుకుని ఆయన దగ్గరికే నడిచి వస్తోంది.

"రావద్దమ్మా!" అని అరిచారు మావయ్య. "అక్కడే ఆగండి! పిల్లని వెనక్కి తీసుకెళ్ళండి! చక్రం వదులైపోయింది!"

గంగారత్నంగారు ఆగిపోయి మనవరాల్ని దగ్గరికి లాక్కుంది. జనం తలలెత్తి చూశారు, ఒకరిద్దరు వెనక్కి జరిగారు. చక్రం మాత్రం వెలుగుతూ ప్రశాంతంగా వేలాడుతోంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

నా చెయ్యి విదిలించుకుని పూర్ణ ముందుకెళ్ళాడు. మొహం కందిపోయింది. "ఏం లేదండీ, మా నాన్న పెద్దాయన. పొద్దున్నుంచి ఏం తినలేదు, కంగారుపడ్డారు," అంటూ నవ్వబోయాడు. వెళ్ళి తండ్రి రెక్క పట్టుకుని స్టూలు మీంచి లేపి నా వైపు నెట్టాడు.

"పక్కకి రారా పూర్ణా. నీ కాళ్ళు పట్టుకుంటాను, పక్కకి రా."

"ఊరుకో నాన్నా. అందరూ చూస్తున్నారు." తండ్రి చేతిలోంచి పడిన కర్ర తీసుకుని పైకెత్తాడు. "చూడండి, ఎంత గట్టిగా ఉందో," అని పట్టాని కొట్టాడు.

పట్టా ఒక పక్క కిందికి జారింది. తర్వాత మొత్తం వచ్చేసింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు, గుండిగ మూత పడ్డట్టు అయింది. ఇనుము గచ్చు మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. పైన చెక్క చక్రం అలాగే వేలాడుతూ ఉంది, ఒక్క బల్బు కూడా ఆరలేదు. కింద పూర్ణ పక్కకి పడి ఉన్నాడు. కుడి భుజం ఉండవలసిన చోట లేదు.

* * *

ఆసుపత్రిలో డాక్టర్లు ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి మాత్రం భుజం దాటి లేవదని, ఉలి సుత్తి పట్టే పని మర్చిపోవాలని చెప్పారు. ఆపరేషన్ అయ్యాక రూములోకి మార్చినప్పుడు పూర్ణకి తెలివి వచ్చింది. నేను మంచం పక్కన, మావయ్య తలుపు దగ్గర. అప్పటివరకూ ఆయన నీళ్ళు కూడా ముట్టలేదు.

గంగారత్నంగారు మధ్యాహ్నం వచ్చింది. పూర్ణ తల నిమిరి, నేను వేసిన కుర్చీ వద్దని నేరుగా మావయ్య దగ్గరికెళ్ళింది. సంచిలోంచి ఆ శాలువా తీసింది.

"మీరు కేకెయ్యకపోతే మా హేమ ఇవాళ లేదండీ. ఆ కుర్చీ కూడా అందుకే మార్పించారని నాకు తర్వాత తెలిసింది. మీ రుణం తీర్చుకోలేను," అంటూ ఆయన భుజాల చుట్టూ కప్పి రెండు కాళ్ళకీ దణ్ణం పెట్టింది.

మావయ్య రాయిలా నిలబడ్డారు. కప్పించుకోనూ లేరు, తీసెయ్యనూ లేరు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. గదిలో మేం ముగ్గురమే మిగిలాం.

"నాన్నా," అన్నాడు పూర్ణ. "నీకు ఎప్పుడు తెలిసింది?"

మావయ్య మంచం దగ్గరికొచ్చారు. అబద్ధం చెబుతారేమో అనుకున్నాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

"రోహిణి రాగానే," అన్నారు. "వాన పడితే చెక్క తాగుద్ది, మళ్ళీ బిగుసుకుంటది అనుకున్నానురా."

పూర్ణ కళ్ళు మూసుకున్నాడు. "వాన పడింది కదా నాన్నా," అన్నాడు. అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

రిసార్టు పని మాకే వచ్చింది. యేసుకుమార్ దగ్గరుండి చేయించాడు. నాకు ఇద్దరి మీదా కోపం ఉంది, ఇద్దరూ కనపడకపోతే కాలు నిలవదు. ఆ రోజు తర్వాత తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను వినలేదు. పొద్దుగూకితే ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ పూర్ణ నాతో అంటాడు, మీ మావయ్యని తినమని చెప్పు అని. పక్క గదిలో ఉన్న ఆయనకి ఆ మాట వినపడుతుంది. అయినా నేను వెళ్ళి చెప్పేదాకా ఆయన లేచి రారు.